పులస పుట్టిల్లు ఏది?



మెట్ట సీమ పావగడకు సముద్రంతో ఏం పని అనుకోకండి. నాగలమడికె దగ్గర పారే మన ఉత్తర పినాకిని చివరకు నెల్లూరు దగ్గర బంగాళాఖాతంలోనే కలుస్తుంది. ఆ సముద్రంలో ఉండే ఒక చేప కథ ఇవాళ చెప్పుకుందాం.

సముద్రంలో ఉన్నంతకాలం ఆ చేపను విలస అంటారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. అప్పుడది పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలని అక్కడి సామెత. పేర్లు రెండు, జాతి ఒకటే. బెంగాలీల ఇలిష్ కూడా ఇదే. ఏటిలో రుచి మారితే అది నీటి గుణం, పుట్టుక గుణం కాదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడినంత మాత్రాన మనుషులు మారరు కదా!

మరి గోదావరి చేపకూ గంగ చేపకూ పుట్టుకలోనే తేడా ఉందా? దీనికి జవాబు జన్యువులలో ఉంటుంది. మడకశిర నుంచి మనకు కోడళ్ళు వస్తారు, మన ఆడబిడ్డలు కల్యాణదుర్గానికి పోతారు. అందుకే సరిహద్దు గీతకు అటూ ఇటూ మనం ఒకే రకం మనుషులం. చేపలూ అంతే. సముద్రంలో అన్నీ కలిసిపోయి ఏ ఏటికైనా పోతుంటే జన్యువులు ఒకటవుతాయి. ఏ గుంపు ఆ ఏటికే తిరిగి వస్తుంటే, తరతరాలకు తేడాలు పేరుకుంటాయి.

బంగాళాఖాతంలోని ఇలసలన్నీ దాదాపు ఒకే గుంపని మొదటి పరిశీలనల్లో కొన్ని చెప్పాయి. 2018లో బంగ్లాదేశ్ శాస్త్రజ్ఞులు ఈ చేప జన్యుపటాన్ని ప్రకటించారు. ఆ తర్వాత ఇంకా సూక్ష్మంగా చూస్తే, ఒకే దేశంలోని చేపల్లో కూడా తేడాలు కనిపించాయి.

ఇది చేపల కూరతో తీరే విషయం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1975లో గంగమీద ఫరక్కా బ్యారేజి ఈ చేప దారికి అడ్డం నిలిచాయి. ఫరక్కాకు ముందు అది అలహాబాదు దాటి పోయేది. చేపలన్నీ ఒకటే అయితే ఒక ఏటి పిల్లలను ఇంకో ఏటిలో వదిలి లోటు పూడ్చుకోవచ్చు. వేరువేరు అయితే, పోయిన గుంపు పోయినట్టే. మన ఎర్రనేలకు అలవాటైన శనక్కాయ విత్తనం పోగొట్టుకొని, ఎక్కడిదో తెచ్చి చల్లితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? విత్తనాన్ని ముందు గుర్తుపట్టాలి. అప్పుడే దాన్ని కాపాడుకోగలం.