అమ్మమ్మ పాటకు విద్యాపీఠంలో చోటు



మన నోవైకి చేరువలో, ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయం 1999లో ఆరంభమైన 'ఇమాజినింగ్ అమెరికా' కూటమికి తొలి నిలయం. ప్రజలతో కలసి సాగించే పరిశోధననూ ఆచార్యుల పదోన్నతిలో లెక్కించాలని ఆ కూటమి 2008 నాటి నివేదికలో కోరింది.

ఆ మాట మన మండపానికీ వర్తిస్తుంది. ఇక్కడి అమ్మమ్మల మంగళహారతులను, పెళ్లిపాటలను ఓపికగా సేకరించే అధ్యాపకురాలి శ్రమ 'సేవ' పద్దులోనే పడిపోతే, ఉద్యోగం నిలుపుకోవడానికి ఆమె వేరొక అంశం చూసుకొంటుంది. పాటలు అమ్మమ్మలతోనే పోతాయి.

మీలో కొందరు (మీరు వైద్యులే కావాలన్న మా పట్టుదలను దాటుకొని!) రేపు ఆచార్యులై పదోన్నతి సంఘాలలో కూర్చుంటారు. అటువంటి దరఖాస్తు వచ్చిననాడు, పాట చెప్పిన అమ్మమ్మ అభిప్రాయాన్నీ పండితుల లేఖల సరసన చేర్చమనండి. ఆమె తెలుగులోనే చెబితే, మీరు అనువదించి పెట్టండి.