పలు బృందములు, ఇరువైపుల పద్దు

(సాఫ్ట్‌వేరు ఉద్యోగులగు యువజనుల కొఱకు మన సంఘమందిరమున ఏర్పాటైన సభలో చేసిన ఉపన్యాసము)



చిక్కపేటలో ఇనుపసామాను అమ్ముకొను వర్తకుడు సాఫ్ట్‌వేరు పనివారి యెదుట నిలిచి వారి పనిని గూర్చియే మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. నేను మెట్రిక్యులేషను దాటి చదివినవాడను కాను. ప్రోగ్రాములో ఒక్క పంక్తియైనను వ్రాసి యెఱుగను. కాని మా యింటనే ఈ ఉద్యోగము చేయువారు ముగ్గురు కలరు. రాత్రి భోజనము నడుమ ఫోను చేతబట్టి మేడపైకి పోవుటయు, "మా పని అయినది, వారిదే కాలేదు" అని విసుగుకొనుటయు చూచిచూచి, ఈ "వారు" ఎవరో తెలిసికొనవలెనను కోరిక నాకు కలిగినది. విచారింపగా "వారు" పరాయివారు కారు. అదే కంపెనీలో, తఱచు అదే భవనమున వేఱొక అంతస్తులో కూర్చుండు మఱియొక బృందము!

ఈ వృత్తి నెఱుగని పెద్దలును సభలో నున్నారు గనుక రెండు మాటలు చెప్పెదను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డ్ అను కొండవిడిదిలో పదునేడుగురు నిపుణులు కూడి, 'ఎజైల్' అను పేరుతో ఒక ప్రకటన వ్రాసిరి. ఏండ్లతరబడి ప్రణాళిక వేసి చివర ఒక్కసారి సరుకు దింపుటకు మాఱుగా, కొంచెము కొంచెముగా చేసి, చేసినదానిని వాడువారికి చూపి, దిద్దుకొనుచు సాగుట దీని సారము. ఈ మార్గమున నడచువారిలో పలువురు ఒక్కొక్క విడత పనిని స్ప్రింటు అందురు. సామాన్యముగా రెండు వారములుండును. ప్రతిదినము పావుగంట నిలుచుండియే ముచ్చటింతురు. చేయవలసినవి, చేయుచున్నవి, అయినవి అని పనులన్నియు ఒక బోర్డుపై వరుసలుగా కనబడును.

ఎనమండుగురు గల ఒక్క బృందమునకు ఇది చక్కగా అమరును. మేము ప్రొద్దున దుకాణము తలుపులు తీసి గుమాస్తాలతో చెప్పుకొనునదియు ఇంతే. బృందములు పెరిగినప్పుడే చిక్కు వచ్చును. ఐదు బృందములున్నచో వాని మధ్య జంటలు పది. పది బృందములున్నచో నలుబదియైదు. ఫ్రెడరిక్ బ్రూక్స్ అను ఇంజనీరు 1975లోనే మనుష్యుల విషయమున ఈ లెక్క చూపి, ఆలస్యమైన పనికి జనమును చేర్చినచో అది మఱింత ఆలస్యమగునని వ్రాసెను. నేటికిని మన కంపెనీలు ఆ మందునే వాడుచున్నవని మా పిల్లలు చెప్పుచుందురు.

వర్తకుని కంటితో చూచినచో, ఒక బృందమునకు మఱియొక బృందమునుండి రావలసిన పని ఒక బాకీ. చెల్లింపులు చూచు బృందమునకు లాగిన్ చూచు బృందమునుండి ఒక మార్పు కావలెననుకొనుడు. చెల్లింపులవారి బోర్డుపై "లాగిన్ వారు ఇయ్యవలెను" అను చీటి యున్నది. లాగిన్ వారి బోర్డుపై ఏమున్నది? తఱచు ఏమియు నుండదు. కాఫీ త్రాగునప్పుడు ఎవరో "చూతములే" అనిరి. ఆ "చూతములే"ను ఇవతలివారు వాగ్దానముగా వ్రాసికొనిరి. విజయవాడ వర్తకుడు నాకు లక్ష రూపాయలు బాకీ యని నా ఆవర్జాలో వ్రాసికొని, ఆయన ఆవర్జాలో నా పేరే లేకున్నచో ఆ లక్ష నా చేతికి వచ్చునా? సంవత్సరాంతమున ఉభయుల ఖాతాలను సరిచూచుకొని సంతకములు తీసికొనుట ఇందుకే. మీ బృందముల నడుమ గల ప్రతి బాకీయు రెండు బోర్డులపైనను ఉండవలెను. ఏ పని, ఎవరి చేత, ఏ స్ప్రింటులో, ఏ తేదీకి అనునవి రెండుచోట్లను ఒక్కతీరుగా నుండవలెను. ఒక్కవైపు మాత్రమే వ్రాసినదానిని నమ్మి విడుదల తేదీ ప్రకటింపరాదు.

దీనికి స్ప్రింటులు అందరికిని ఒకేనాడు మొదలై ఒకేనాడు ముగియుట మేలు. ఒకరిది సోమవారము, ఒకరిది బుధవారము, ఒకరిది రెండు వారములు, ఒకరిది మూడు అయినచో, ఇచ్చువాడు ఇచ్చునప్పటికి పుచ్చుకొనువాడు వేఱొక పనిలో మునిగియుండును. అడుగవలసినదియు ఎదుటివారు తమ స్ప్రింటునకు పనులు ఏరుకొనుటకు ముందే అడుగవలెను. పిమ్మట అడుగుట సంత ముగిసిన తరువాత సంచి తెచ్చినట్లుండును.

ఇక మన తెలుగుగడ్డపై జరిగిన యొక సంగతి. మైక్రోసాఫ్టు సంస్థ తన సొంత కార్యాలయములలో వాడుకొను ప్రోగ్రాములను దిద్దుపని 2004లో హైదరాబాదులోని ఒక చిన్న బృందము చేతిలో నుండెను. వ్రాయువారు ముగ్గురు, పరీక్షించువారు ముగ్గురు. పని కోరు అధికారులు నలుగురు, అమెరికాలో. పేరుకొనిపోయిన కోరికలు ఎనుబదికి పైబడినవి. ఒక్క కోరిక తీరుటకు ఇంచుమించు ఐదు నెలలు పట్టుచుండెను. ఆ విభాగమునకు క్రొత్తగా వచ్చిన డ్రాగోస్ డుమిట్రియు అను మేనేజరు, డేవిడ్ ఆండర్సన్ సలహాతో కారణము వెదకెను. కుఱ్ఱవారు సోమరులు కారు. క్రొత్త కోరిక వచ్చినప్పుడెల్ల దానికెంత కాలము పట్టునో అంచనా వ్రాసి పంపవలెనను నియమముండెను. ఆ అంచనాలకే వారి కాలమున ఇంచుమించు మూడవవంతు పోవుచుండెను! బేరములు చెప్పుచునే ప్రొద్దు గడపిన దుకాణమున సరుకు కట్టువాడెవడు?

అంచనాలు మానివేసిరి. చేత నుండదగిన పనులకు ఒక పరిమితి పెట్టిరి. చోటు ఖాళీ యైనప్పుడు మాత్రమే తరువాతి పని యేదో నలుగురధికారులును కలిసి తేల్చుకొనవలెననిరి. పరీక్షించువారికి తీరిక యుండుట గమనించి, ముగ్గురు ముగ్గురుగా నున్నదానిని నలుగురు, ఇద్దఱుగా మార్చిరి. తరువాత కొందరిని చేర్చుకొనిరి గాని, మొదటి అభివృద్ధి ఉన్న ఆరుగురితోనే కలిగినది. ఐదు నెలల నిరీక్షణ 2005 చివరకు రెండు వారములకు దిగినది. సాఫ్ట్‌వేరులో కాన్‌బాన్ అని మీరు చెప్పుకొను పద్ధతికి ఆండర్సన్ చూపు తొలిమెట్టు ఇదియే. గమనింపుడు: కనబడవలసినది ఎవరు ఖాళీగా నున్నారనునది కాదు, పని ఎక్కడ ఆగినదనునది. అది కనబడగానే కోరు నలుగురును ఒక మాటకు రావలసివచ్చినది.

ఆరుగురి సంగతి యట్లుండగా, పెద్దపనికి వత్తము. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వము ప్రజలు ఆరోగ్యబీమా కొనుటకై హెల్త్‌కేర్ డాట్ గవ్ అను వెబ్‌సైటు తెఱచెను. అనేక కంట్రాక్టు సంస్థలు తలకొక భాగము చేసిరి. తొలినాడు నమోదు పూర్తిచేయగలిగినవారు ఆరుగురు మాత్రమే. అదే నెలలో చట్టసభ సంఘము పిలిపించి యడుగగా కంట్రాక్టర్లు తమతమ భాగములను సమర్థించుకొనిరి. మొదటినుండి తుదివఱకు అన్నిటిని కలిపి పరీక్షించుట మాత్రము ప్రారంభమునకు రెండు వారముల ముందే జరిగినదట! బాగుచేయవచ్చినవారు చూడగా, లోపల ఏమి జరుగుచున్నదో అందరును చూడగల డ్యాష్‌బోర్డే లేదు. ముందుగా దానిని అమర్చిరి. పిదప అన్ని సంస్థలవారును దినమునకు రెండు పూటల నిలిచి మాటలాడు ఏర్పాటు చేసిరి. దానిని నడపిన మైకీ డికర్సన్ అను ఇంజనీరు పెట్టిన కట్టుబాట్లలో రెండు చెప్పెదను. ఇది సమస్యలు తీర్చుకొను చోటు, నిందలాడుకొనుటకు వేఱు చోట్లు చూచుకొనుడనుట ఒకటి. పదవిలో పెద్దవాడు కాక, విషయము ఎక్కువ తెలిసినవాడు మాటలాడవలెననుట రెండవది. డిసెంబరు నాటికి ఆ వెబ్‌సైటు నిలద్రొక్కుకొన్నది. (ఆ రెండవ కట్టుబాటు మన కార్యవర్గ సమావేశములలో పెట్టినచో నావంటివారికి విశ్రాంతి దొరకును.)

మీ కంపెనీలలో బృందమునకొకరు చొప్పున కూడుకొను స్క్రమ్ ఆఫ్ స్క్రమ్స్ అను సమావేశమును ఈ కోవలోనిదే. అందు ఎవరి గొప్ప వారు చెప్పుకొనుట మాని, తమవలన ఇతరులకు ఆగు పనియేదో, ఇతరులవలన తమకు ఆగినదేదో ఆ రెండే చెప్పినచో పావుగంట చాలును.

ఇంకొక పొరపాటు పాయింట్లను పోల్చుట. ఒక బృందము స్ప్రింటునకు నలుబది పాయింట్లు, ఇంకొకటి ఇరువది చేసినదని, మొదటివారు రెండింతలు పనిమంతులని కొందరు మేనేజర్లు తీర్పు చెప్పుదురట. 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చుటకు పూర్వము మద్రాసు మణుగు 25 పౌనులు, బెంగాలు మణుగు 82 పౌనులు. మణుగు మణుగేయని మద్రాసు ధరకు కలకత్తాలో బేరమాడిన వర్తకుని గతి ఏమగును? పాయింట్లు ఏ బృందమునకు ఆ బృందము తన సౌకర్యమునకై కల్పించుకొన్న మణుగు.

దీనికంటె బాధకరమైన విషయము భయము. నేనెఱిగిన యొకచోట, పని ఆగినదని ఎఱ్ఱగుర్తు పెట్టిన యువతి పేరును పై అధికారి అందరి యెదుట చదివి మందలించెనట. మఱుసటి స్ప్రింటునుండి ఆ బోర్డుపై ఎఱుపే లేదు. విడుదల మాత్రము ఆరు వారములు వెనుకబడినది. పైకి పచ్చగా, లోపల ఎఱ్ఱగా నుండు నివేదికకు పుచ్చకాయయని మీ వారే పేరు పెట్టియున్నారు. మీలో కొందరిప్పుడు బృందనాయకులైనారు. ఎఱ్ఱగుర్తు పెట్టినవారిని ఆ దినమున మీరేమందురో దానినిబట్టియే రేపు మీ బోర్డు నిజము చెప్పునో లేదో తేలును. ఉద్యోగముల తొలగింపు వార్తలు వచ్చుచున్న కాలమున ఇది తేలికైన మాట కాదని నాకు తెలియును.

మన సంఘమునకు ప్రత్యేకించి ఒక మాట. ఐదుగురు తెలుగువారు, ఒక కన్నడిగుడు, ఒక మలయాళి గల బృందమున, భోజనసమయమున తెలుగులోనే నిర్ణయము జరిగిపోవుచుండును. మన భాష మాటలాడుకొనుట మన హక్కు. ఈ మందిరము దాని కొఱకే కట్టుకొన్నాము. కాని ఆ నిర్ణయము అందరెఱిగిన భాషలో బోర్డుపై ఎక్కకున్నచో, తక్కిన ఇద్దఱును రెండు దినములు పాతదారిలో పనిచేసి పాడుచేసికొందురు. పదిమందిలో మన మాట వినబడకుండుట యెట్టిదో మనమెఱుగుదుము. ఇతరులకు ఆ స్థితి మనవలన కలుగరాదు.

రాత్రి సమావేశముల విషయము చెప్పి విరమించెదను. మనకును కాలిఫోర్నియాకును వేసవిలో పండ్రెండున్నర గంటలు, చలికాలమున పదమూడున్నర గంటలు తేడా. దానిని ఎవరును మార్చలేరు. కాని బాకీలు ఇరువైపుల వ్రాసియుండి, అందులో తేలనివి మూడే యున్నచో, రాత్రి పది గంటలకు పదునలుగురు మేలుకొనియుండనక్కరలేదు. ఆ మూడింటికి సంబంధించినవారు చాలును. తక్కినవారు తెల్లవారి బోర్డు చూచుకొందురు. సోమవారము మీ బోర్డుపై "వారు ఇయ్యవలెను" అనియున్న చీటీలను లెక్కించి, వారి బోర్డుపై ఎన్ని యున్నవో చూచి నాకు చెప్పుడు.

ఎదుటి వరుసలో ఒక అమ్మాయి ఇందాకటినుండి చేయి యెత్తుచున్నది. లాగిన్ బృందమునకు చెందినది కాబోలు! వారి పక్షమును వినవలసియున్నది.