వానల లెక్కలో మన కూలి ఏది?

(తుళ్లూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభకి వస్తుంటే ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపి అడిగింది. "అయ్యోరా, వానలు మారినయ్ అంటన్నారు. ఎంత మారినా మన పల్లెలే ఎందుకు మునుగుతయ్?" అని. వాన అందరి మీదా పడుద్ది. నిలిచేది పల్లంలో. మాలపల్లె, మాదిగపల్లె పల్లంలో ఎందుకున్నయ్యో వానని అడిగి లాభం లేదు, ఊరు కట్టినోళ్లని అడగాలి.

ముందు వాన సంగతి చెప్పుకుందాం. సముద్రం ఇక్కణ్ణించి కనపడదు గానీ, మన వాన చాలావరకు అక్కణ్ణించి వచ్చేదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమని మోయగలదు. బంగాళాఖాతం వేడెక్కేకొద్దీ ఆ మూట బరువెక్కుద్ది, దించినప్పుడు కుమ్మరిస్తది. ఎక్కడో పసిఫిక్‌లో నీళ్లు వేడెక్కడాన్ని ఎల్‌నినో అంటారు. అది వచ్చిన యేడు మన నైరుతి వానలు తరచూ దెబ్బతింటయ్. ప్రతిసారీ కాదు. 1997లో పెద్ద ఎల్‌నినో వచ్చినా దేశంలో వాన మామూలుగానే కురిసింది. 2023లో మళ్లీ వచ్చింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తమ్మీద అంత పొడి ఆగస్టు లేదు. ఆ యేడే డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటింది. నీళ్లు పెట్టి బతికించుకున్న మిరపతోట అవే నీళ్లు నిలిచి కుళ్లింది, పత్తి చెట్టు మీదే తడిసింది. ఆఫీసు కాగితంలో సగటు తీస్తే మాత్రం ఎండకీ వానకీ చెల్లు!

నల్లరేగడి సంగతి మీకు మేం చెప్పాలా? వాన రెండ్రోజులే. చేలో కాలు పెట్టాలంటే వారం. ఆ వారం పత్తి తీత లేదు, మిరపలో కలుపు లేదు. 2015లో రాజధానికి భూములు సమీకరించాక ఇక్కడ చేలపని తగ్గింది. ఆడోళ్లు తెల్లారకముందే ఆటోలెక్కి దూరపు మిరప చేలకి పోతన్నారు. అక్కడ వానపడ్డా ఇక్కడ పొయ్యి వెలగదు.

నష్టం రాయడానికి మనిషొస్తాడు. 33 శాతం పైన పోతేనే పంట పోయినట్టు. పేరు మాత్రం భూమి ఉన్నోడిది. కౌలుదారుకి కార్డిస్తామని 2019లో చట్టం తెచ్చారు, దానికి భూయజమాని సంతకం కావాలన్నారు. ఏ ఆసామి పెడతాడండీ? ఇక కూలికి ఆ కాగితంలో గడే లేదు. మేం ఒకసారి అడిగాం. "కూలోళ్లకి పంటేది, నష్టపోవడానికి?" అన్నాడు రాసేవాడు. నవ్వుతూనే అన్నాడు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. మిద్దె ఉన్నోడు మిద్దెక్కాడు. గుడిసె ఉన్నోడు ఎక్కడికెక్కుతాడు?

మన కృష్ణ సంగతీ చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటింది, 2024 సెప్టెంబరులో 11.43 లక్షలకి పోయింది. కృష్ణ అంత నిండుగా ఉంటే కొండవీటి వాగు అందులో కలవలేదు, వెనక్కి తన్నుద్ది. అందుకని 2018లో ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కులు తోడే మోటార్లు పెట్టారు. మంచిదే, మేం కాదనం. రాజధాని మునగకూడదు, సరే. మరి మన పల్లెల నీళ్లు ఆ వాగుదాకా పోవడానికి కాలవ ఎవరు తీస్తారు?

అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. పల్లెకొక డబ్బా పెట్టండి. అడుగూ మూతీ ఒకే వెడల్పుండాలి, చెట్టు కింద గాక ఆరుబయట పెట్టాలి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లు ఒక గడిలో రాయండి. పక్క గడిలో ఆ రోజు పని దొరకనోళ్లు ఎంతమందో, పోయిన కూలి ఎంతో. మూడో గడిలో ఎవరింట్లోకి నీళ్లొచ్చినయ్, ఎన్నాళ్లున్నయ్. ఏడో తరగతి పిల్ల చాలు ఈ పనికి. ఈసారి నష్టం రాసేవాడొస్తే ఆ పుస్తకం వాడి ముందు పెడదాం, వాడు తీసుకోకపోతే కలెక్టరు దగ్గరికి పట్టుకుపోదాం.

నోటు పుస్తకాలు మేం తెచ్చాం, ఆ బల్ల మీదున్నయ్. పోయేటప్పుడు పల్లెకొకటి తీసుకెళ్లండి.