ఏ టెలిఫోటో జూమ్ కొనాలి? పల్నాడు పిట్టలకీ కొండలకీ సరిపోయే లెక్క

ఈ ఎపిసోడ్ చేయమని చాలా రోజుల నుంచి అడుగుతున్నారు. నరసరావుపేట నుంచి, మాచర్ల నుంచి, గురజాల నుంచి మెసేజ్‌లు వస్తున్నాయి. ఊరు ఏదైనా ప్రశ్న మాత్రం ఒకటే. "అన్నా, పిట్టల ఫొటోలు తీయాలి, కొండలూ జలపాతాలూ కూడా తీయాలి. 150-600 తీసుకోమంటావా? ఈఎంఐలో వస్తుంది."

సమాధానం ముందే చెప్పేస్తా, చివరిదాకా కూర్చోబెట్టను. ఇది మీ మొదటి టెలిఫోటో అయితే 600 వద్దు. 300 నుంచి 400 మధ్య ఆగే తేలికపాటి జూమ్ ఒకటి తీసుకోండి. ఎందుకో లెక్కతో చూపిస్తా. బీటెక్ చదివి, కొన్నాళ్ళు కోడ్ రాసి ఇటొచ్చినోణ్ణి, లెక్క లేకుండా నమ్మమంటే నాకే నచ్చదు.

లెక్క చాలా చిన్నది. ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు = సెన్సర్ వెడల్పు × దూరం ÷ ఫోకల్ లెంగ్త్. అంతే. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 ఎంఎం. 100 మీటర్ల దూరంలో ఉన్న చెట్టుని 600తో చూస్తే 6 మీటర్ల వెడల్పు పడుతుంది. 400తో అయితే 9 మీటర్లు. ఇప్పుడు అదే 400ని కెనాన్ ఆర్10, ఆర్50 లాంటి ఏపీఎస్-సీ బాడీ మీద పెట్టండి. అక్కడ సెన్సర్ వెడల్పు 22.3 ఎంఎం. పడేది సుమారు 5.6 మీటర్లు. అంటే ఫుల్ ఫ్రేమ్ మీద 600 పెట్టినోడి కన్నా మీ ఫ్రేమే ఇంకాస్త బిగుతుగా ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేది ఏపీఎస్-సీ బాడీనే. ఇంట్లో సగం జూమ్ ఉంచుకుని బయట వెతుకుతున్నామన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సాగర్ కుడి కాలువ గట్టు మీద పోతుంటే కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుంది. పొడుగు సుమారు 30 సెంటీమీటర్లు, మీకూ దానికీ మధ్య 30 మీటర్లు. ఏపీఎస్-సీ బాడీ, 400 ఎంఎం. ఫ్రేమ్ వెడల్పు 1.67 మీటర్లు వస్తుంది. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే వెడల్పులో 6000 పిక్సెల్స్. అందులో పిట్ట ఒక్కటే సుమారు 1080 పిక్సెల్స్ తీసుకుంటుంది. ఈ నంబర్ ఎక్కడో చూసినట్టుంది కదా? ఇన్‌స్టాలో పోస్ట్ వెడల్పు అదే. ఇప్పుడు ఒక పది మీటర్లు దగ్గరికి జరగండి. 20 మీటర్ల నుంచి అదే 400, పిట్టని 1600 పిక్సెల్స్ పైగా చూపిస్తుంది. 30 మీటర్ల నుంచి 600తో తీసినా వచ్చేది అంతే. లక్ష పైన పెట్టి కొనే తేడా, పది మీటర్ల నడకలో ఉంది.

"ఎగిరిపోతే ఏం చేయాలన్నా?" అంటారు. నిలబడి సూటిగా నడిచొచ్చే మనిషిని చూస్తే ఎగిరిపోతుంది, నిజమే. కారులో కూర్చుంటే, లేదా చెట్టు కింద పావుగంట కదలకుండా కూర్చుంటే చాలాసార్లు పట్టించుకోదు. ఆ ఓపిక ఏ షాపులోనూ అమ్మరు.

ఇంకో చిన్న పని చెప్తా, దీనికి పైసా ఖర్చు లేదు. మీ ఫోన్ మెయిన్ కెమెరా సుమారు 24 ఎంఎంతో సమానం. 400ని 24తో భాగిస్తే 16 చిల్లర. 600ని భాగిస్తే 25. అంటే ఫోన్‌లో 16ఎక్స్ దగ్గర కనిపించేది దాదాపు ఫుల్ ఫ్రేమ్ మీద 400, 25ఎక్స్ దగ్గర కనిపించేది 600. బొమ్మ మసకగా, పిండిపిండిగా ఉంటుంది, దాన్ని వదిలేయండి. ఫ్రేమ్ మాత్రం అబద్ధం చెప్పదు. మీరు రోజూ వెళ్ళే చెరువు దగ్గరికి, కాలువ దగ్గరికి వెళ్ళి ఒక వారం ఇట్టా చూడండి. మీకు నిజంగా ఎంత కావాలో ఏ రివ్యూ కన్నా మీ ఫోనే బాగా చెప్తుంది.

సరే, 600 వల్ల వచ్చే ఇబ్బంది ఏంటి? బరువు. ఆ బరువు ఎక్కడి నుంచి వస్తుందో కూడా లెక్కే చెప్తుంది. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగిస్తే లోపలికి వెలుతురు వచ్చే దారి వెడల్పు వస్తుంది. 600 ÷ 6.3 అంటే 95 ఎంఎం. 400 ÷ 8 అంటే 50 ఎంఎం. 95 ఎంఎం దారి కావాలంటే ముందు అంత పెద్ద గాజు పెట్టాల్సిందే, ఏ కంపెనీ అయినా. అందుకే సిగ్మా 150-600 కాంటెంపరరీ సుమారు 1.9 కేజీలు, సోనీ 200-600 సుమారు 2.1 కేజీలు. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 అయితే 635 గ్రాములు. సోనీ ఏపీఎస్-సీ వాళ్ళకి 70-350 ఉంది, అది 625 గ్రాములు. తెల్లారుజామున బండి మీద వీపుకి బ్యాగ్ తగిలించుకుని పోయేవాళ్ళకి ఆ తేడా ఏంటో నేను చెప్పక్కర్లేదు. రెండు కేజీల లెన్స్ మొదటి నెల రోజూ బయటికి వస్తుంది, మూడో నెల నుంచి బీరువాలో ఉంటుంది. ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది.

తేలిక లెన్స్‌లో లోపం లేదని చెప్పట్లేదు. ఆర్ఎఫ్ 100-400ని 400 దగ్గర పెడితే ఎఫ్ 8. వెలుతురు తక్కువ వస్తుంది. ఎఫ్ 6.3 దగ్గర ఐఎస్ఓ 2000తో వచ్చే ఫొటోకి ఇక్కడ 3200 పెట్టాలి. మిట్టమధ్యాహ్నం ఏం తెలియదు, పొద్దున్నే అడవిలో తెలుస్తుంది. అందుకే మనం వెళ్ళే చోట్లు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది ఉప్పలపాడు. గుంటూరు పక్కనే, చిన్న ఊరు, చిన్న చెరువులు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడి చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఇక్కడ పక్షి పెద్దది. గూడబాతు రెక్కలు చాపితే రెండున్నర మీటర్లకి దగ్గరగా ఉంటుంది. 50 మీటర్ల దూరం అనుకుంటే, ఏపీఎస్-సీ మీద 250 పెట్టినా ఫ్రేమ్ నాలుగున్నర మీటర్లు. సగానికి పైగా పక్షే నిండుతుంది. కెనాన్ 55-250, నికాన్ 50-250 ఉన్నా ఇక్కడ పని జరిగిపోతుంది. ఎగిరేటప్పుడు షట్టర్ స్పీడ్ 1/1600కి తగ్గించకండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే మీ చెయ్యి వణుకు ఆగుతుంది, పక్షి రెక్క ఆగదు.

రెండోది ఎత్తిపోతల. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి, అంటే 21 మీటర్ల నుంచి దూకుతుంది. మీరు 150 మీటర్ల దూరంలో నిలబడ్డారనుకోండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 ఎంఎం. 200 దగ్గర ఫ్రేమ్‌లో ఎత్తు 18 మీటర్లే పడుతుంది, అంటే జలపాతం తల తెగిపోతుంది. 200-600 ఉన్నోడికి ఇంకా వెనక్కి జరగడానికి జూమ్‌లో చోటు లేదు. 100 దగ్గర మొదలయ్యే లెన్స్‌లో 36 మీటర్లు పడుతుంది, చుట్టూ రాళ్ళూ చెట్లూ కూడా వస్తాయి. అందరూ లెన్స్ చివరి నంబర్ చూసి కొంటారు. కొండలూ నీళ్ళూ తీసేవాళ్ళు మొదటి నంబర్ చూడాలి.

మూడోది మన కోటప్పకొండ. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయి, అందుకే త్రికూటం. దీన్ని దగ్గరికెళ్ళి వైడ్‌లో తీస్తే కొండ కూర్చుండిపోతుంది. ఊరి బయట పొలాల్లో నుంచి 200, 300తో తీయండి, కొండ లేచి నిలబడుతుంది. టెలిఫోటో దగ్గరకి లాగుతుంది, కంప్రెస్ చేస్తుంది అంటుంటారు. నిజానికి ఆ పని చేసేది లెన్స్ కాదు, మీరు నిలబడ్డ దూరం. చంద్రుణ్ణే తీసుకోండి. అంత దూరంలో ఉన్నాడు కాబట్టి మీరు ఎటు జరిగినా అంతే కనిపిస్తాడు. కొండ మాత్రం మీరు వెనక్కి జరిగే కొద్దీ చిన్నదవుతుంది. 3 కిలోమీటర్ల నుంచి చూస్తే చంద్రుడు కొండ మీద 27 మీటర్ల ముక్కంత ఉంటాడు. 10 కిలోమీటర్ల నుంచి చూస్తే 90 మీటర్ల ముక్కంత. పున్నమి సాయంత్రం కొండకి పడమట దిక్కున, దూరంగా నిలబడితే శిఖరం వెనక నుంచి పెద్ద చంద్రుడు లేస్తాడు. 400తో హాయిగా వస్తుంది. తిరునాళ్ళ రోజు మాత్రం ఈ ఫొటో కోసం చూడకండి, శివరాత్రి అమావాస్య ముందు రోజు వస్తుంది కదా. ఆ రోజు ప్రభలు ఉన్నాయి. వరసగా నిలబడ్డ ప్రభల్ని దూరం నుంచి 200తో తీస్తే ఒకదాని భుజం మీద ఒకటి ఉన్నట్టు వస్తాయి.

నాలుగోది అడవి. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్, దేశంలోనే పెద్దది, మాచర్ల వైపు నుంచే మొదలవుతుంది. సఫారీ కావాలంటే మాత్రం ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా వెళ్ళి తుమ్మలబైలులో జీపు ఎక్కాలి. చెట్ల నీడ, పొద్దుటి మసక వెలుతురు, కదిలే జీపు. 600 ఎఫ్ 6.3 ఉన్నవాడికి నిజంగా లాభం కనిపించేది ఇక్కడే. అయితే ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళే సఫారీ కోసం ఏడాదంతా అప్పు కట్టాలా? విజయవాడలో, హైదరాబాద్‌లో లెన్స్‌లు రోజు లెక్కన అద్దెకిచ్చే షాపులున్నాయి. రెండు రోజులకి తెచ్చుకోండి. ట్రైపాడ్ బదులు గుడ్డ సంచిలో బియ్యం పోసి జీపు కమ్మీ మీద పెట్టుకోండి, అది చాలు.

ఇప్పుడు ఎండ సంగతి. రెంటచింతల ఎండ గురించి పల్నాడు వాళ్ళకి నేను చెప్పేదేముంది? పొద్దున తొమ్మిది, పది దాటితే నేల మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. తారురోడ్డు మీద నీళ్ళు ఉన్నట్టు కనిపిస్తుందే, అదే గాలి మీ లెన్స్‌కీ పిట్టకీ మధ్య కూడా ఉంటుంది. దూరం పెరిగే కొద్దీ ఫొటో కరిగిపోయినట్టు వస్తుంది. రెండు లక్షల లెన్స్ అయినా, ఇరవై వేల లెన్స్ అయినా ఒకటే. ఫోకస్ సరిగ్గా లేదని లెన్స్‌ని తిట్టుకుంటారు, తప్పు గాలిది. తెల్లారాక గంటన్నర, పొద్దుగూకే ముందు గంట, లేదా వాన వెలిసిన మర్నాడు. ఎండాకాలంలో మన టైమ్ అంతే.

కొనేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, స్టెబిలైజేషన్ ఉందా లేదా. కెనాన్ 75-300 చవకగా దొరుకుతుంది, అందులో స్టెబిలైజేషన్ లేదు. 2025లో వచ్చిన ఆర్ఎఫ్ 75-300లో కూడా లేదు. నికాన్ ఏఎఫ్-పీ 70-300లో రెండు రకాలున్నాయి, పేరులో వీఆర్ అని ఉన్నదే తీసుకోండి. రెండు, మౌంట్. పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ని అదే కంపెనీ మిర్రర్‌లెస్ బాడీకి పెట్టాలంటే అడాప్టర్ కావాలి, దాని రేటు కూడా కలుపుకోండి. మూడు, సెకండ్ హ్యాండ్ అయితే ఫోన్ టార్చ్ వెనక నుంచి కొట్టి లోపల చూడండి. సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే ఫంగస్, ఎంత తగ్గించి ఇచ్చినా వదిలేయండి.

మరి 600 ఎప్పుడు కొనాలి? మీ దగ్గరున్న 400తో ఒక సీజన్ మొత్తం తిరిగాక, మీ ఫొటోల్లో ఎక్కువ భాగం 400 దగ్గరే ఉన్నాయనుకోండి, అన్నిటినీ సగానికి పైగా క్రాప్ చేస్తున్నారనుకోండి, అప్పుడు. ఫొటో ఓపెన్ చేసి డీటెయిల్స్ చూస్తే ఫోకల్ లెంగ్త్ అందులోనే రాసుంటుంది. వంద ఫొటోలు లెక్కపెట్టండి. సగం ఫొటోలు 200 లోపే ఉంటే మీకు 600 అక్కర్లేదని మీ ఫొటోలే చెప్తున్నాయి.

ఆఖరుగా ఒక మాట, ఇది రూపాయల మాట కాదు. దగ్గరికి నడవమన్నాను కదా, దానికి ఒక హద్దుంది. పిట్ట తినడం ఆపి మీ వైపే చూస్తోందంటే మీరు ఆ హద్దు దాటారు, వెనక్కి రండి. గూడు ఉంటే అసలు దగ్గరికి పోవద్దు. తల్లి లేచిపోతే ఆ ఎండలో పిల్లలకి నీడ ఉండదు. ఎగిరే ఫొటో కోసం రాయి వేయడం, గూడు లొకేషన్ స్టేటస్‌లో పెట్టడం వద్దు. ఎత్తిపోతల కింద మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది, మంచి యాంగిల్ కోసం కంచె దాటితే ప్రమాదం మొసలికి కాదు, మీకు. అభయారణ్యంలోకి ఫొటోల కోసమైనా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పోకూడదు. టెలిఫోటో అనేదే దూరంగా ఉండి తీయడానికి పుట్టిన లెన్స్. పిట్టకి మనం వచ్చిన సంగతే తెలియకుండా ఫొటో తీసుకుని వచ్చేశామంటే, అది 250తో తీసినా మంచి ఫొటోనే.

ఈ వారం మీ చెరువు దగ్గర 16ఎక్స్, 25ఎక్స్ పెట్టి చూసి, ఏ పిట్ట ఎంత కనిపించిందో, మీ బాడీ ఏదో, బడ్జెట్ ఎంతో నాకు రాయండి. వీడియో ఉపయోగపడితే ఈఎంఐ ఫామ్ మీద సంతకం పెట్టబోతున్న మీ ఫ్రెండ్‌కి ఇప్పుడే పంపండి.