గుండె చప్పుడును వెదకిన డోలు విద్వాంసుడు
(మన సంఘ మాసాంత సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయమును నోటీసులో చూచి కొందరు నవ్వుకొనిరని నాకు తెలియును. నూలు బేళ్ల లెక్కలు వ్రాసికొనువానికి అమెరికా దేశపు డోలు వాద్యకారునితో పని యేమని ఒక పెద్దమనిషి నన్ను ఒప్పనకార వీధిలో నిలబెట్టి అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. మెట్రిక్యులేషను పరీక్షతో చదువు చాలించి కొట్టులో కూర్చున్నవాడను. సంగీతమున నాకు గల జ్ఞానము త్యాగరాజస్వామి కీర్తనలను విని తల ఊపుటకు చాలును, అంతకు మించి లేదు. అయినను ఈ మనిషిని గూర్చి చెప్పకుండ ఉండలేకున్నాను. కారణము మనవి చేసెదను.

గడచిన మార్గశిర మాసమున ఒకనాటి రాత్రి నా గుండె దారి తప్పినది. రెండు దెబ్బలు వడివడిగా కొట్టును, ఒకటి మానును, మరల మూడు కొట్టును. ఆసుపత్రిలో పరుండబెట్టి, రొమ్ముపై యంత్రమును ఆనించి పరీక్ష చేయుచుండగా ఆ యంత్రము నుండి నా గుండె చప్పుడు బయటికి వినవచ్చినది. నలుబది యేండ్లకు పైగా నాతో నున్న చప్పుడును నేను వినుట అదే మొదలు. నాకు భయము కలిగినది. ప్రక్కన మా అన్నగారి అబ్బాయి యున్నాడు. వాడు మేడమీద గదిలో డ్రమ్ములు పెట్టుకొని వాయించుచున్నందుకు నేను మూడు సంవత్సరములుగా తిట్టని దినము లేదు. వాడు నా చేయి పట్టుకొని, "చిన్నాయనా, ఈ చప్పుడును వినుటకే ఒకాయన సగము జీవితము వెచ్చించినాడు, ఆయనయు డ్రమ్ములు వాయించువాడే" అని చెప్పినాడు. ఆ మాటతో భయము కొంత తగ్గినది.

ఆయన పేరు మిల్ఫర్డ్ గ్రేవ్స్. 1941వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన న్యూయార్కు నగరమున క్వీన్స్ అను భాగములోని జమైకా అను పేటలో నీగ్రో జాతి కుటుంబమున జన్మించెను. ఆ జాతివారిని ఇప్పుడు ఆఫ్రికన్ అమెరికనులని పిలుచుట మర్యాద. బాల్యమునందే చేతితో వాయించు కాంగా డోళ్లను పట్టెను. యౌవనమున క్యూబా మొదలగు దేశముల నృత్య సంగీతమును వాయించు మేళములను నడిపెను. తరువాతనే కర్రలతో వాయించు డ్రమ్ముల వరుసకు వచ్చెను.

జాజ్ అనునది అమెరికాలో బానిసలుగా ఉండినవారి సంతతివారు కల్పించిన సంగీతము. అందు డ్రమ్ముల వాద్యకారుని పని యేమనగా కాలమును తప్పక నడుపుట, కచేరిలో మన మృదంగ విద్వాంసుడు తాళమును కాపాడునట్లు. 1960 ప్రాంతమున కొందరు యువకులు ఈ కట్టును విడిచిరి. సన్నీ మర్రే యనువాడొకడు, మన గ్రేవ్స్ మరియొకడు. 1964లో జాన్ చికాయ్, రాజ్వెల్ రడ్ అను వాద్యకారులతో కలిసి న్యూయార్క్ ఆర్ట్ క్వార్టెట్ అను మేళమున గ్రేవ్స్ వాయించెను. అందు డ్రమ్ము తాళము వేయదు. తక్కిన వాద్యములతో పాటు అదియు మాటలాడును, ఎదురాడును, ఊరకుండును. ఆయన డోళ్ల క్రింది చర్మములను ఊడదీసెను. చర్మమునకు తగిలించి గరగరమనిపించు తీగలు గల స్నేర్ అను డ్రమ్మును ప్రక్కకు నెట్టెను. మన కంజీరకు ఒకే చర్మము గదా! క్రింది మూత పోయిన డోలు ఎట్లు పలుకునో కంజీర విన్నవారికి కొంత ఊహకు అందును.

దాచనేల? మా అబ్బాయి మొదటి మారు వినిపించినప్పుడు పాత్రల కొట్టులో పిల్లి జొరబడినట్లు నాకు తోచినది. చాలునని లేచిపోతిని. రెండవ మారు, ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత, రాత్రి నిద్రపట్టక వింటిని. తాళమును వెదకుట మానినంతనే వేరొకటి వినబడినది. అల వచ్చి వెనుకకు పోవునట్లు, నిద్రించువాని ఊపిరి వలె, ఆ మోతకు పోకయు రాకయు కలవు. అందరికిని అట్లే వినబడునని నేను పూచీ పడను. మా ఇంటిలో ఇప్పటికిని నా భార్య ఆ పాట పెట్టినంతనే తలుపు మూయును.

1965లో ఈయన వసంత సింగ్ అను గురువు నొద్ద తబలా నేర్చెను. అంతకు రెండేండ్లు ముందే, 1963లో, సంగీత కళానిధి బాలసరస్వతి గారి సోదరులు రంగనాథన్ గారు అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున మృదంగము నేర్పుటకు వెళ్లియుండిరి. తిరుమల నాయకుని కొలువు చూచిన క్షేత్రయ్య పదములను బాలసరస్వతి గారు అభినయించుచుండగా మన పెద్దలు చూచినారు. ఆ ఇంటి మృదంగమే సముద్రము దాటినది. గ్రేవ్స్ తబలా నేర్చిన కాలమున ఆ దేశపు వాద్యకారులలో పలువురి చెవులు మన దిక్కునకు తిరిగియుండెను.

వ్యాపారినగుటచే నాకు మిక్కిలి నచ్చిన సంగతి ఒకటి కలదు. 1966లో గ్రేవ్స్, డాన్ పుల్లెన్ అను పియానో విద్వాంసుడు యేల్ విశ్వవిద్యాలయమున కచేరి చేసిరి. ఆ రికార్డును పెద్ద కంపెనీ చేతిలో పెట్టక తామే ముద్రించి, స్వయంసహాయము అను అర్థము గల పేరు పెట్టి అమ్మిరి. తొలి ప్రతుల అట్టలపై తమ చేతులతోనే రంగులు వేసిరి. దళారి లేని సరుకు! అందు లాభము ఎంత వచ్చెనో గాని ఎవరికిని తల వంచవలసిన పని లేకపోయెను. కమీషను మండీలతో వేగినవారికి దీని రుచి వేరుగ చెప్పనక్కరలేదు.

1967 జూలైలో జాన్ కోల్ట్రేన్ అను మహావిద్వాంసుడు నలుబది యేండ్లకే గతించెను. ఆయన అంత్యక్రియల నాడు న్యూయార్కు దేవాలయమున ఆల్బర్ట్ ఐలర్ మేళము వాయించినది. అందు డ్రమ్ములు గ్రేవ్స్‌వి. చావుకు డోలు వాయించుట మన పల్లెలలో వింత కాదు గాని, మహావిద్వాంసుని సాగనంపుటకు ఇరువదియైదేండ్ల యువకుని డోలు కావలసివచ్చుట గమనింపదగినది.

కచేరీలతో కుటుంబము గడచుట కష్టమైనందున ఆయన ప్రయోగశాల పని నేర్చి ఒక పశువైద్యుని ప్రయోగశాలను నడిపెను. 1973లో బెన్నింగ్టన్ కళాశాలలో అధ్యాపకుడై 2012 వరకు, అనగా ముప్పదితొమ్మిది సంవత్సరములు బోధించెను. వైద్య విద్యార్థుల శిక్షణకై చేసిన గుండె చప్పుళ్ల రికార్డు ఒకటి ఆయన చేతికి వచ్చినది. రోగపు గుండెల చప్పుళ్లలో ఆయనకు తాను ఎరిగిన ఆఫ్రికా, క్యూబా డోళ్ల గతులు వినబడినవట! అప్పటి నుండి మనుష్యుల గుండె చప్పుళ్లను సేకరించుట ప్రారంభించెను. 2000లో వచ్చిన గుగ్గెన్‌హైమ్ బహుమాన ధనమును కంప్యూటర్లకును, పరికరములకును వెచ్చించెను. చప్పుళ్లను స్వరములుగా మార్చి, ఎవరి గుండెను వారికే వినిపించుచుండెను. ఇటలీ దేశపు హృద్రోగ శాస్త్రజ్ఞుడు కార్లో వెంతురాతో కలిసి మూలకణముల విషయమున ఒక పేటెంటును కూడ పొందెను.

ఆయన వాదము ఇది: గడియారము వలె సమానముగా కొట్టుకొను గుండె లేదు, కావున గడియారము వలె వాయించు డోలు బ్రతికిన డోలు కాదు. ఇందు మొదటి సగము నిజమని మా వైద్యులును చెప్పిరి. ఆరోగ్యవంతుని గుండె ఊపిరి తీసికొనునప్పుడు కొంచెము వేగిరపడును, విడుచునప్పుడు నెమ్మదించును. మన నాడీ వైద్యులు వాతనాడి పాము వలె, పిత్తనాడి కప్ప వలె, కఫనాడి హంస వలె నడచునని చెప్పుచుండిరి. పాము నడక, కప్ప గంతు ఏ తాళమునకు లొంగును? రెండవ సగమును నేను ఒప్పుకొనలేను. ఆదితాళమున కూర్చిన కీర్తన బ్రతికియే యున్నది గదా! చప్పుళ్లతో గుండెను బాగుచేయవచ్చునని కూడ ఆయన నమ్మెను. నేను మాత్రము వైద్యులిచ్చిన మాత్రలను రెండు పూటలు తప్పక మ్రింగుచున్నాను. నా ప్రసంగము విని ఎవరును మాత్రలు మానవలదు.

పితామహుల నాటి ఇంటిలోనే ఆయన జీవించెను. ఆ ఇంటి గోడలకు రాళ్లు, గాజు ముక్కలు పొదిగెను, పెరటిలో మూలికల తోట వేసెను, గొల్లభామ పురుగు కదలికలను చూచి ఒక సాముగరిడి విద్యను కల్పించెను. 2018లో ఆయనపై ఒక చలనచిత్రము విడుదలయ్యెను. ఆ యేడే ఆయన గుండె కండరము బిరుసెక్కు వ్యాధి బయటపడెను. ఆరు నెలలే బ్రతుకునని వైద్యులు చెప్పిరి. తన గుండెను తానే వినుచు, వ్రాసికొనుచు, ఆయన 2021 ఫిబ్రవరి 12వ తేదీ వరకు జీవించెను.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. మూడేండ్ల క్రిందట మన వార్షికోత్సవమునకు రాజకంబళమువారి దేవరాట్టమును, దేవదుందుభి మేళమును పిలువవలెనని ప్రతిపాదన వచ్చినది. అది పల్లెటూరి మోత, పట్టణమున బాగుండదని అడ్డు చెప్పినవారిలో నేను మొదటివాడను. మాటలాడుటకై వచ్చి వరండాలో కూర్చున్న మేళపు పెద్ద ఆ మాట వినిరి. తిరిగి యేమియు అనక, దుందుభిని గుడ్డలో చుట్టుకొని బస్సు నిలయమునకు వెళ్లిపోయిరి.

ఈ యేడు నేనే ఆయన గ్రామమునకు వెళ్లి క్షమాపణ చెప్పుకొంటిని. ఆయన నన్ను మన తెలుగుననే పలుకరించి, మజ్జిగ ఇప్పించిరి. చేతులు వణకుచున్నవి. కొడుకు తిరుప్పూరు బనియను కార్ఖానాలో పనిచేయుచున్నాడు, ఆదివారమును సెలవు లేదు. "వచ్చుటకు నాకు అభ్యంతరము లేదు, అయితే రెండవ దుందుభికి మనిషి ఏడీ?" అని అడిగిరి. నా యొద్ద జవాబు లేకపోయెను. మా అన్నగారి అబ్బాయి ఇప్పుడు ఆదివారములలో అక్కడికి పోవుచున్నాడు. గ్రేవ్స్‌ను మరచి మొదట చేయి నిలుపుట నేర్చుకొమ్మని పెద్దాయన వానికి ఆజ్ఞాపించినారట. మూడు నెలలలో రెండు అడుగులకు మాత్రమే వాయింప వచ్చినది. మన పిల్లలలో ఇంకెవరైనను వాని వెంట పోదలచినచో బస్సు ఖర్చు నేను భరించెదను.

ఇప్పుడు అబ్బాయి ఆ యేల్ కచేరిని పది నిమిషములు వినిపించును. ఇష్టము లేనివారు వెలుపలికి వెళ్లి కాఫీ పుచ్చుకొనవచ్చును, నేను తప్పుగా భావింపను. నా భార్య ఇప్పటికే లేచినది.