ఓపెన్ సోర్సు: కొత్తవారి తొలి చేయి

ఇటీవల ఒక శ్రోత మాకు జాబు వ్రాస్తూ ఇట్లా అడిగినారు: "మా అబ్బాయి ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నాడు. ఓపెన్ సోర్సులో ఏదైనా పని చేసి చూపితే మంచిదని తోటివారు అంటున్నారట. ఎక్కడ మొదలుపెట్టవలెనో వాడికి తోచడం లేదు. ఎవరిచేతనైనా చెప్పించరాదా?" నిపుణుల ప్రసంగాలు ఎట్లాగూ ఉంటవి. ఈ పూట నిపుణులం కాని మేమే చెప్పదలచినాము. ఆ దారిలో ఈమధ్య మేమూ ఒక అడుగు వేసి, తడబడి, నిలదొక్కుకున్నవారం గనుక ఆ మాత్రం చొరవ తీసుకుంటున్నాము.

ముందు మాటకు అర్థం చెప్పుకొందాం. కంప్యూటరు చేత పని చేయించే ఆదేశాలను మనుషులు చదవగలిగే భాషలో వ్రాస్తారు. ఆ వ్రాతప్రతికి సోర్సు కోడు అని పేరు. చాలా కంపెనీలు ఆ ప్రతిని బీరువాలో పెట్టి తాళం వేసుకొని, యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపాన్ని మనకు అమ్ముతవి. ఓపెన్ సోర్సులో ఆ వ్రాతప్రతి అందరికీ బాహాటంగా లభిస్తుంది. చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదానిని పదిమందికీ పంచవచ్చు. షరతులు లైసెన్సు పత్రంలో ఉంటవి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించిననాడు దీనిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అన్నారు. ఓపెన్ సోర్సు అన్న పేరు 1998లో పుట్టినది. ఈ రెండు పేర్ల వెనుక కొంత సిద్ధాంతభేదం ఉన్నది గాని, ఆ తగవులోకి ఈ పూట దిగము.

1991 ఆగస్టులో ఫిన్లండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఇరవై ఒక్క సంవత్సరాలవాడు, తాను సరదాకు ఒక చిన్న ఆపరేటింగు సిస్టం వ్రాస్తున్నానని తోటివారికి తెలియజేసినాడు. అదే లినక్సు. తరువాత వేలాదిమంది దానికి చేతులు కలిపినారు. ఈనాడు మన ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపల నడుస్తున్నది అదే. 2017 నవంబరు నాటి నుండి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లలోనూ అదే. ఆ వేలాదిమందిలో ప్రతివారూ ఒకానొకనాడు కొత్తవారే కదా.

మన పల్లెలలో పూర్వం కుడిమరామత్తు అని ఒక ఏర్పాటు ఉండేది. చెరువు అందరిదీ గనుక కాలువల పూడిక తీయడం, గట్టుకు మట్టి వేయడం ఆయకట్టు రైతులందరూ తలా ఒక చేయి వేసి చేసుకొనేవారు. అయితే అందరిదీ కదా అని ఎవరికి తోచినచోట వారు పలుగు దించితే గట్టు తెగుతుంది. ఏ తూము ఎప్పుడు ఎత్తవలెనో, గట్టు ఎక్కడ బలహీనంగా ఉన్నదో నీరుగంటికి తెలుసు. కొత్తగా వచ్చినవాడు ముందు అతనిని అడగవలెను. ఓపెన్ సోర్సులో ఆ నీరుగంటిని మెయింటెయినరు అంటారు. వీరిలో చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకొని, జీతం బత్తెం లేకుండా రాత్రివేళ ఈ పని చూసేవారు. ఈ సంగతి తెలిస్తే, మన జాబుకు జవాబు ఎందుకు ఆలస్యమవుతున్నదో అర్థమవుతుంది.

మనవంటివారి చేయి అక్కడ అవసరమా అని కొందరు అడుగుతారు. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతి చెబుతాము. మన 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వచ్చేసరికి ఐఫోనులో ఆ సందేశం చూపబోయిన అప్లికేషను కుప్పకూలేది. జ్ఞానానికి మొదటి అక్షరమే ఫోనుకు మింగుడు పడకపోవడం నవ్వులాటగా ఉన్నా, అది తాళం వేసిన బీరువాలోని సాఫ్ట్‌వేరు. కంపెనీవారు ఆ నెలలోనే సరిచేసినారు, నిజమే. కాని అంతవరకు కోట్ల తెలుగువారం చేతులు కట్టుకొని చూడవలసి వచ్చినది. ఫైర్‌ఫాక్సు, లిబ్రేఆఫీసు వంటివాటిలో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేరు బాహాటమైనది. అందులో మన వొత్తు తప్పుగా పడితే, తప్పు అని చెప్పగలవారు తెలుగు చదవగలవారే. ఎంత గొప్ప ప్రోగ్రామరు అయినా 'క్ష' ఎట్లా ఉండవలెనో తెలియకపోతే ఏమి చేయగలడు?

ఇక మొదలుపెట్టడం. 'ఏది పేరున్న ప్రాజెక్టు?' అన్న ప్రశ్నతో చాలామంది బయలుదేరుతారు. ఆ ప్రశ్న మాకు నచ్చదు. మీరు రోజూ వాడేది ఏదో, దానిలో మీకు చికాకు కలిగించినది ఏదో చూసుకోండి. ఆ తరువాత ఆ ప్రాజెక్టువారు పెట్టిన రీడ్‌మీ పత్రం, కొత్తవారికి సూచనల పత్రం, లైసెన్సు ఓపికగా చదవండి. సోర్సు కోడు తెచ్చి మీ కంప్యూటరు మీద నడిపించి చూడండి. దీనికి రెండు సాయంత్రాలు పట్టవచ్చు, నాలుగూ పట్టవచ్చు. సూచనలలో ఎక్కడ మీకు దారి తప్పినదో వ్రాసిపెట్టుకోండి. పాతవారు ఆ ఇంటిలో చీకటిలో కూడా నడవగలరు; గుమ్మం దగ్గర మెట్టు విరిగిన సంగతి వారి కంట పడదు. కొత్తవాడికే కాలు తగులుతుంది. ఆ ఒక్క వాక్యం సరిదిద్ది పంపితే అది తొలి కానుక.

లోపాన్ని తెలియజేయడం కూడా ఒక విద్యే. మాకు వచ్చే జాబులలో కొన్ని "మీ రేడియో సరిగా వినపడడం లేదు" అని ముగుస్తవి. దానితో మా ఇంజనీరు ఏమి చేయగలడు? మరికొందరు "ఫలానా ఊళ్ళో, ఉదయం ఏడు గంటల వార్తలప్పుడు, మూడు రోజులుగా పది నిమిషాలపాటు గరగర" అని వ్రాస్తారు. ఆ జాబు చేతికి రాగానే ఇంజనీరు లేచి నిలబడతాడు. సాఫ్ట్‌వేరుకూ ఇదే పద్ధతి. ఏ వెర్షను, ఏ ఆపరేటింగు సిస్టం, ఏ ఏ మీటలు ఏ వరుసలో నొక్కినారు, ఏమి జరుగుతుందనుకొన్నారు, ఏమి జరిగినది. అంతకు ముందే మరొకరు ఆ సంగతి తెలియజేసినారేమో వెదకి చూడవలెను.

కోడు వ్రాయగలిగినవారికి చాలా ప్రాజెక్టులలో 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని చీటీ అతికించిన చిన్న పనులు ఉంటవి. పద్ధతి ఏమనగా, మూలప్రతికి మీ పేర ఒక నకలు తీసుకొంటారు. అందులో ఒక కొమ్మ చీల్చి, మార్పు చేసి, దానిని మూలంలో కలుపుకొనవలసినదిగా విన్నపం పంపుతారు. ఆ విన్నపమే పుల్ రిక్వెస్టు. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తి మార్చినారో లెక్క చూసే గిట్ అనే పనిముట్టును 2005లో తయారుచేసినదీ ఆ టోర్వాల్డ్సే. ఒక విన్నపంలో ఒకే మార్పు ఉండవలెను. ఎందుకు ఉండవలెనో మేము దెబ్బ తిని నేర్చుకొన్నాము.

మా కేంద్రంలో ఒక యువ అనౌన్సరు పల్లెకు వెళ్ళి ఒక వృద్ధురాలి చేత దంపుళ్ళ పాటలు పాడించి రికార్డు చేసికొని వచ్చినది. శబ్దాన్ని కత్తిరించి కూర్చే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు ఒకటి తెలుగు మెనూలతో వాడుతున్నది. అందులో సేవ్ అన్నచోట 'దాచు' అని ఉన్నది. హైడ్ అన్నచోటా 'దాచు' అనే ఉన్నది! ఆ అమ్మాయి రెండవదానిని నొక్కినది. ట్రాకు కనుమరుగైనది; భద్రంగా ఉన్నదనుకొన్నది. మూసేటప్పుడు వచ్చిన ప్రశ్నకు 'ఇప్పుడే దాచినాను కదా' అని వద్దన్నది. పాటలు పోయినవి. మరల ఆ ఊరు వెళ్ళినాము. ఆమె విసుక్కోకుండా మరల పాడినది గాని, మొదటి రోజు పాడినవాటిలో రెండు పాటలు ఆమెకు తిరిగి గుర్తు రాలేదు.

ఆ ఆవేశంతో మేము ఆ తెలుగు అనువాదం మొత్తం తిరగవేసినాము. ట్రాక్ అన్నదానికి 'జాడ' అట! మ్యూట్‌కు 'మూగ' అట! నలభై మూడు పదాలు మార్చి, 'పాత అనువాదం తప్పులతడక' అని ఒక ముక్క కూడా చేర్చి ఒకే విన్నపంగా పంపినాము. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. మాకు కోపం వచ్చినది. తరువాత మెయింటెయినరు జవాబు వచ్చినది. తనకు తెలుగు రాదనీ, ఈ నలభై మూడింటిలో నిజమైన తప్పులు ఏవో, మా అభిరుచి మాత్రమే అయినవి ఏవో విడదీసి పంపవలసినదనీ, మునుపటి అనువాదకుణ్ణి అడిగినారా అనీ దాని సారాంశం. అడగలేదు.

ఆ మునుపటి అనువాదకుడు, విద్యార్థిగా ఉన్న రోజులలో వెయ్యికి పైగా పదబంధాలు ఒంటరిగా చేసినవాడు. మా ముక్క చదివినాడు కూడా. అయినా మర్యాదగానే వ్రాసినాడు. అనువదించే పట్టికలో పదం ఒక్కటే వస్తుందనీ, అది ఏ మెనూలో ఎక్కడ కూర్చుంటుందో కనిపించదనీ, అడుగుదామంటే ఆనాడు మరొక తెలుగువాడు లేడనీ. మేము చాలా సిగ్గుపడినాము. ఆ మాట వెనుకకు తీసికొంటున్నామని అక్కడే, నలుగురికీ కనిపించేచోట వ్రాసినాము.

మెయింటెయినర్లు కొత్తవారిని ఆచితూచి చూడడానికి కారణాలు లేకపోలేదు. 2020 అక్టోబరులో, నాలుగు విన్నపాలు పంపితే చొక్కా ఇస్తామన్న ఒక వార్షికోత్సవంలో, అర్థంలేని మార్పులు ఎంతగా వచ్చి పడినవంటే నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధనలు మార్చవలసి వచ్చినది. ఈమధ్య కృత్రిమ మేధ చేత వ్రాయించి, తాము చదవకుండానే పంపేవారు ఆ బరువుకు తోడైనారు. 2024 మార్చిలో బయటపడినది ఇంకా పెద్ద సంగతి. ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేరులో జియా టాన్ అన్న పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా మంచి పనులే చేసి, అలసిపోయి ఉన్న మెయింటెయినరు నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి పెట్టినారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమని ఆరా తీయబట్టి అది దొరికినది. ఇటువంటివి చూసినవారు మిమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడిగితే నొచ్చుకోకండి.

మా నలభై మూడింటిలో నిజమైన తప్పులు ఆరు మాత్రమే అని ఆ యువకుడూ మేమూ కూర్చొని తేల్చినాము. అయిదు చేరినవి. సేవ్ ఇప్పుడు 'భద్రపరచు' అయినది. ఆరవది ట్రాక్. అతను 'పట్టీ' అంటాడు. స్టూడియోలో ఎవరూ అట్లా అనరు, 'ట్రాక్' అనే ఉంచవలెనని మేమంటాము. వాదన ఇంకా సాగుతున్నది. రికార్డింగు పని తెలిసిన శ్రోతలు తమ అభిప్రాయం వ్రాస్తే అతనికి చేరవేస్తాము.