వారంటీ కార్డు నింపాలా, వద్దా?



పోయినేడు సంఘం అప్పుతో పిండి గ్రైండరు కొన్నాను. ఏడు నెలలకే మోటారు కాలిపోయింది. వారంటీ కార్డు అట్టపెట్టెలోనే ఉంది, ఒక్క అక్షరం రాయించలేదు. బిల్లు తీస్తే తెల్లకాగితం! మిషను మీద వచ్చే బిల్లుల్లో అచ్చు వేడికి చెరిగిపోతుందని అప్పటిదాకా తెలీదు. చేతి డబ్బు పెట్టే బాగుచేయించుకున్నా. గ్రైండరు ఆగినా కిస్తీ ఆగదు కదా.

కార్డు నింపి కంపెనీకి పంపకపోతే వారంటీ పోతుందని కొందరంటారు. చాలా సామాన్లకు అంత అవసరం లేదు, అయినా షరతులు ఒకసారి చదివించుకోండి. కొన్నరోజే కొట్టులో తేదీ, మిషను నంబరు రాయించి ముద్ర వేయించుకోవాలి. అదీ అసలు పని. ఆదాయమెంత, ఇంట్లో ఎందరు అని కార్డులో అడిగితే రాయక్కర్లేదు, అది వాళ్ల వ్యాపారం కోసం. బిల్లు వద్దంటే ధర తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. బిల్లు జిరాక్సు తీయించండి, ఫోనులో ఫొటో కూడా.

వారంటీ ఉన్నా తిప్పుతుంటే 1915కు ఫోను చేయండి, తెలుగులోనే చెప్పొచ్చు. అప్పటికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వెళ్లాలి. 5 లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు.

మా సంఘంలో పుస్తకాలతోపాటు బిల్లుల ఫైలు కూడా పెట్టాం. అందులో మొదటి కాగితం నా మోటారు రిపేరు బిల్లే.